గోడ మీదుగా వచ్చే గిన్నె

మదనపల్లె ఆసుపత్రిలో కాంతమ్మ క్యారియర్ మూత తీయగానే పితికిపప్పు వాసన గదంతా కమ్ముకుంది. మంచం మీది మా అవ్వ నాగమ్మ, అంత నీరసంలోనూ అలవాటుగా అంది: "ముందు నువ్వు తిను మే."

కాంతమ్మ గిన్నె మంచం పక్కన పెట్టింది. "ఇన్నేండ్లు తింటి. ఈపొద్దు తినను. నమ్మితే తిను, లేకుంటే కుక్కకెయ్యి" అని కుప్పం బస్సుకు వెళ్ళిపోయింది. అవ్వ ఆ గిన్నె ముట్టలేదు.

పుంగనూరులో ఒకప్పుడు వాళ్ళవి పక్కపక్క ఇళ్ళు, మధ్య నడుమెత్తు మట్టిగోడ. చలికాలం వస్తే, రాత్రి నానబెట్టిన అనపగింజలు ముందేసుకుని ఇద్దరూ ఎండపొడలో గోడకు చెరోవైపు కూర్చుని పితికేవాళ్ళు; వేళ్ళ సందునుంచి జారి ఎగిరిన పప్పును పిల్లలం ఏరుకుని పచ్చిదే నమిలేవాళ్ళం. మధ్యాహ్నానికి కాంతమ్మ గిన్నె గోడ దాటి వచ్చేది. వెనకే తనూ వచ్చి, అవ్వ ఎదుట ఒక ముద్ద మింగి నోరు తెరిచేది.

"సూడు తల్లీ, బాగా సూడు. నాలిక కింద గూడా సూడు."

అవ్వ నిజంగానే వంగి చూసేది. స్నేహితులంటే అట్లాగే తింటారనుకుని మేము బొమ్మరిల్లు ఆటల్లోనూ ఒకరి నోరు ఒకరం తెరిపించేవాళ్ళం.

కారణం పెద్దయ్యాక తెలిసింది. అవ్వ కొత్త కోడలిగా వచ్చిన ఏడు, కాంతమ్మ ఇచ్చిన ఓళిగలు, అంటే బొబ్బట్లు, తిన్నాక ఆమెకు అన్నం సయించక చిక్కిపోయిందట. ఎవరో మందు పెట్టారన్నారు. తిండిలో ఏదో కలిపి మనిషి క్షీణించేలా చేయడమన్నమాట. శాంతిపురం దగ్గర మందు కక్కించే ముసలామె ఆకుపసరు తాగించి, బయటపడిందంటూ వెంట్రుకల ఉండ చూపించిందట. అవ్వ ఎవరి పేరూ ఎత్తలేదు. ఓళిగలు తిన్నానని మాత్రం వీధంతా చెప్పింది.

అది చాలింది. ఏళ్ళు గడిచాక, నా చిన్నప్పుడు జరిగిన కాంతమ్మ కూతురి పెళ్ళిలోనూ మా వీధివాళ్ళు అక్షింతలు వేసి, ఎంగిలిపడకుండా వెళ్ళిపోయారు. పాయసం వడ్డించిన విస్తరి ముందునుంచి నన్ను రెక్క పట్టి లేపుకుపోయింది అవ్వే. అయినా మర్నాడు గిన్నె వచ్చింది. ఆమె ఎందుకు పంపేదో, ఈమె ఎందుకు తినేదో, నాకు ఇద్దరి మీదా అనుమానమే. "మందు నువ్వు పెట్టలేదు" అనే మాట అవ్వ నోట వినడం కోసమే కాంతమ్మ ఆ ముద్దలన్నీ మింగిందని ఇప్పుడనిపిస్తోంది.

ఆ మట్టిగోడ పోయింది. పితికిన పప్పు ప్యాకెట్లలో దొరుకుతోంది. కాంతమ్మ కుప్పంలో కూతురి దగ్గరుంటోంది. ఆసుపత్రి నుంచి ఇంటికొచ్చిన అవ్వను మొన్న అడిగాను, ఆమె నిజంగా పెట్టిందా అని.

"నేనేమన్నా కండ్లతో సూసినానా? పెట్టుండదులే."

"ఆ మాట ఆమెతో అనొచ్చు కదవ్వా?"

"అంటే, మళ్ళా నా ఇంటికి ఎందుకొస్తాది?"

ఆసుపత్రికి వచ్చిన ఆ రోజు తర్వాత కాంతమ్మ మళ్ళీ రాలేదు. అవ్వ కబురూ పంపలేదు.