ఒక సెట్టు, రెండు గిటార్లు

గిటారు తీగలు ఎన్నాళ్ళకోసారి మార్చాలని ఒడిలియా అత్తను అడిగితే, ముందు నీ చెయ్యి చూపించమంటుంది. అరచెయ్యి తిరగేసి, వేళ్ళ కొసలు తన బుగ్గకు ఆనించుకుంటుంది. "పొడి చెయ్యి. రోజూ వాయించినా రెండు నెలలు ఢోకా లేదు" అని కొందరికి చెబుతుంది. "అయ్యో, నీదీ నాలాగే ఉప్పు చెయ్యి. నెల తిరక్కుండానే తీగ చస్తుంది" అని ఇంకొందరికి. ఆ తర్వాత నవ్వేస్తుంది. "ఇదంతా కొట్లో తీగలు దొరికే ఊళ్ళ మాట. మన శాంతియాగోలో అయితే తెగినప్పుడు మార్చాలి."

తీవోలీ గుట్ట మీద ఆవిడ ఇంటికీ మా ఇంటికీ మధ్య ఒకే గోడ. నేను బడిలో భౌతికశాస్త్రం చెబుతాను. మా నైలా పాకడం మొదలుపెట్టినప్పటి నుంచి ఆ గోడ అవతల ఉన్నదంతా నాకు భయమే. కత్తిరించిన తీగ కొస సూదికన్నా అన్యాయం; నేల మీద పడితే కనపడదు. పిల్ల నోట్లో పెట్టుకుంటే? అందుకని అత్త తీగలతో పని పెట్టుకున్నప్పుడల్లా నేను చీపురు పట్టుకుని అక్కడే ఉండేదాన్ని. ఆవిడ గురించి నాకు తెలిసినదంతా అలా ఊడుస్తూ తెలుసుకున్నదే.

అత్త యూనిఫారాలు కుట్టే కార్ఖానాలో పని చేసి రిటైరయింది. పెళ్ళి రెండుసార్లు చేసుకుంది. ఒక మొగుడు హవానా పోయాడు, ఒకడు పైకి పోయాడు, ఇద్దరూ ఎవెలియో మీద అసూయతోనే పోయారని పేటలో వేళాకోళం. నిజానికి ఎవెలియోకీ ఆవిడకీ మధ్య పాట తప్ప ఏమీ లేదు. అతను బస్సుల మెకానిక్కు. కార్ఖానా పండగలో ఒకసారి కలిసి పాడారు. ముప్పై ఏళ్ళు దాటినా ఇంకా పాడుతూనే ఉన్నారు. అతనిది మొదటి గొంతు, మొదటి గిటారు. ఆవిడది రెండో గొంతు, రెండో గిటారు.

"మొదటి గొంతు పాటను పాడుతుంది. రెండో గొంతు ఆ మొదటి గొంతును పాడుతుంది" అనేది అత్త. "మొగుళ్ళ గొంతులు మర్చిపోయాను గానీ పిల్లా, వాడు ఎక్కడ ఊపిరి తీస్తాడో నన్ను నిద్దట్లో లేపి అడుగు, చెబుతాను."

వాళ్ళకు తీగలు సముద్రం అవతల నుంచి వచ్చేవి. మెరిదా నుంచి ఒక పళ్ళ డాక్టరు ఎప్పుడో మా ఊరొచ్చి, ఊళ్ళో పాడేవాళ్ళంతా చేరే పాటల ఇంటి పెరట్లో వీళ్ళ పాట విని కళ్ళు తుడుచుకున్నాడట. అప్పటి నుంచి ఏటా క్రిస్మస్‌కు ముందు, ఇటు వచ్చే వాళ్ళెవరో ఒకరి చేతికిచ్చి ఒక సెట్టు పంపేవాడు. ఒకటే సెట్టు, ఆరు తీగలు. గిటార్లు రెండని ఆయనకు తట్టలేదు; చెప్పడానికి వీళ్ళకు నోరు రాలేదు. అందుకని పంచుకునేవాళ్ళు. పాటను సాగదీసి మెలికలు తిప్పేది మొదటి గిటారు, దానికి సన్నవి మూడూ. కింద నుంచి మోసేది రెండో గిటారు, దానికి లావువి మూడూ. అతని గిటారు మీద వాడేసిన సన్న తీగలు ఆవిడ గిటారుకు వచ్చేవి, ఆవిడ వాడేసిన లావు తీగలు అతనికి పోయేవి. మా ఊళ్ళో జంటలుగా పాడేవాళ్ళకు ఇదేమీ వింత కాదు. మార్చేది మాత్రం ఇద్దరూ ఒకే రోజు, అత్త వంటింట్లో, బల్లకు చెరోవైపు కూర్చుని మార్చేవాళ్ళు.

మిగతా ఏడాదంతా లావు తీగలను ఉడకబెట్టడమే. తీగ మీద చుట్టిన సన్నటి కంచు చుట్ల మధ్యకు చెమట, జిడ్డు, చర్మపు పొట్టు చేరతాయి. ఒకచోట ఎక్కువ, ఒకచోట తక్కువ. దాంతో బరువు ఎగుడుదిగుడై మోత మొద్దుబారుతుంది. ఉడకబెడితే మురికి వదిలి నాలుగు రోజులు తళుక్కుమంటుంది. సాగిపోయిన లోహాన్ని మాత్రం ఏ పొయ్యీ వెనక్కి తేలేదు. అదే మాట చెబితే అత్త, "నాకూ అంతే పిల్లా, స్నానం చేశాక నాలుగు రోజులు బావుంటాను" అనేది. నేను నవ్వేదాన్ని, కానీ నా కన్ను గిన్నె పిడి మీదా, నైలా చేతుల మీదా ఉండేది.

పోయిన ఏడాది మెరిదాలో ఏటా జరిగే పాటల పండక్కు వీళ్ళిద్దరినీ పిలిపిస్తానని డాక్టరు కబురు పెట్టాడు. అత్త పాస్‌పోర్టు చేయించుకుంది. నీలం గౌను కుట్టుకుంది. రెండుసార్లు విప్పి మళ్ళీ కుట్టుకుంది. సముద్రం పక్కనే పుట్టి, దాన్ని ఎప్పుడూ దాటని మనిషి. పిలుపు కాగితం ఎవెలియో చిరునామాకు రావాలి. వెళ్ళి అడిగితే ఎవెలియో, "ఇంకా రాలేదు ఒడీ" అనేవాడు. క్రిస్మస్ వెళ్ళిపోయింది. తీగలూ రాలేదు. "డాక్టరు మర్చిపోయి ఉంటాడు. పెద్దవాడైపోయాడు కదా" అన్నాడు ఎవెలియో. అత్త పాత లావు తీగలను మళ్ళీ పొయ్యి మీద పెట్టింది.

ఫిబ్రవరిలో ఒక ఆదివారం పొద్దున, పాటల ఇంటి పెరట్లో ఎప్పటిలాగే వాళ్ళ పాట. నేను నైలాను ఒళ్ళో పెట్టుకుని ముందు బెంచీలో కూర్చున్నాను. పిల్ల ఎక్కడి నుంచో సీసా మూత ఒకటి సంపాదించి గుప్పెట్లో దాచుకుంది; దాన్ని లాక్కునే హడావిడిలో మొదటి పాట నా చెవికి ఎక్కనేలేదు. రెండో పాట అయ్యాక అత్త గొంతు వినిపించింది.

"ఏంట్రా, నీ గిటారుకు విరేచనాలా? పాటపాటకీ కిందికి జారిపోతోంది."

జనం నవ్వారు. ఎవెలియో తీగలు బిగించే మరలు తిప్పుకుంటూ, "ఎండ ఒడీ, చెక్క వేడెక్కింది" అన్నాడు.

"నాదీ చెక్కేరా. నాదీ ఇదే ఎండ."

రెండో గిటారు మొదటిదాని వెంట పోవాలి కదా, తన తీగలనూ కాస్త దించుకుంది. మూడో పాట. మళ్ళీ జారింది. ఈసారి అత్త నవ్వలేదు. పాత తీగ అలా జారదు. సాగవలసినదంతా ఎప్పుడో సాగిపోయి ఉంటుంది. కొత్త తీగే మొదటి రోజుల్లో సాగుతూ శ్రుతి దిగుతుంది. కానీ కొత్త తీగైతే గంటలా మోగాలి. అతని గిటారు దుప్పటి కప్పినట్టు మోగుతోంది.

అత్త చెయ్యి చాచి, అతని గిటారు మీద అన్నిటికన్నా లావు తీగను బొటనవేలితో రాసింది. వేలు ముక్కు దగ్గర పెట్టుకుంది.

"పంది కొవ్వు" అంది. "ఏంట్రా ఇది, వాయిస్తావా, వేయించుకుని తింటావా?"

గౌను అంచుతో తీగను తుడిచింది. కింద నుంచి కంచు పచ్చగా మెరిసింది. పక్కది తుడిచింది, దాని పక్కది తుడిచింది. మూడూ కొత్తవే; పాతవాటిలా కనపడాలని కొవ్వు పూశాడు. అవి ఆవిడ గిటారు మీద ఉండవలసిన తీగలు.

ఎవెలియో తల దించుకున్నాడు. ముందు బెంచీ కాబట్టి వాళ్ళు గొంతు తగ్గించి మాట్లాడుకున్నది నాకు వినపడింది.

"ఎప్పుడొచ్చాయి?"

"మొన్నామధ్య."

"తీగల గురించి కాదు నేనడిగేది. కాగితం."

"అవీ ఇదీ కలిసే వచ్చాయి" అన్నాడు.

ఆవిడకు అంతకన్నా చెప్పనక్కర్లేకపోయింది. ఒక సెట్టు మొత్తం ఒకే గిటారుకు ఎక్కిందంటే, సముద్రం దాటేది ఆ గిటారు ఒక్కటే.

"ఎవర్ని తీసుకెళ్తున్నావు?"

"యానిసేల్‌ని. సంగీతం బళ్ళో నేర్చుకున్న పిల్ల. ఇద్దరికే ఒడీ, టిక్కెట్లు ఇద్దరికే పంపారు."

"మనం ఉన్నది ఇద్దరమే కదరా!"

జనం ఇవేవీ వినలేదు. ఇంకా రెండు పాటలు ఉన్నాయి. అత్త లేచి పోతుందనుకున్నాను. పోలేదు. శ్రుతి సరిచేసుకుని ఆ రెండు పాటలూ పాడింది. అతను ఊపిరి తీసిన ప్రతిచోటా ఆగింది, ఎత్తుకున్న ప్రతిచోటా ఎత్తుకుంది. చప్పట్లు కొట్టారు.

రెండు రోజులు పోయాక మధ్యాహ్నం పూట యానిసేల్ వచ్చింది. ఇరవై రెండు, ఇరవై మూడేళ్ళు ఉంటాయి. పాలు, గుడ్లు పోసి చేసిన తియ్యటి పుడ్డింగు గిన్నె గుడ్డలో చుట్టి తెచ్చింది. అత్త బల్ల దగ్గర నల్ల చిక్కుడు గింజల్లో రాళ్ళు ఏరుతోంది. ఏరిన రాళ్ళు నైలాకు అందకుండా నేను చూసుకుంటున్నాను.

"ఒడిలియా గారూ, మీ వేళ్ళు ఎలా ఉన్నాయి?" అంది ఆ అమ్మాయి.

అత్త చేతులు ఆగలేదు. "వేళ్ళకేమైంది?"

"అదే, కీళ్ళు వాచాయని, ఇంక గిటారు పట్టుకోలేకపోతున్నారని… ఎవెలియో గారు చెప్పారు. మీరే నా పేరు చెప్పారని కూడా అన్నారు. అందుకే మీకు ఒకసారి దణ్ణం పెట్టి పోదామని…"

"ఇంకెవరికి చెప్పాడు?"

"మెరిదా వాళ్ళకు రాశారు. ఇక్కడ పాటల ఇంట్లో అందరికీ తెలుసు. మొన్న ఆదివారం మీరు మందులు వేసుకుని, నొప్పి ఓర్చుకుని వాయించారని అనుకుంటున్నారు."

అత్త ఒక రాయిని ఏరి పక్కన పెట్టింది. ఇంకొకటి ఏరింది. లేచి గోడ మీది గిటారు తీసి, నిలబడే వాయించింది. కిందనుంచి మోసే తన వాయింపు కాదు. మెలికలు తిరిగే మొదటి గిటారు పని. ఎవెలియో ఎప్పుడూ తడబడేచోట కూడా ఆవిడ వేళ్ళు తడబడలేదు. ఆ చేతులు అంత పరుగెత్తగలవని గోడ పక్కనే బతుకుతున్న నాకే తెలియదు. నైలా నోరు తెరిచి చూస్తూ ఉండిపోయింది.

యానిసేల్ మొహం పాలిపోయింది. "నేను వెళ్ళను" అంది.

"వెళ్ళు. నువ్వు కాకపోతే ఇంకొకత్తెను చూసుకుంటాడు. నీ వయసులో నన్ను పిలిస్తే నేనూ వెళ్ళేదాన్ని."

"అయితే రెండో గొంతు… నాలుగు పాటలకైనా నేర్పుతారా?"

"నేర్పను" అంది అత్త. కోపంగా కాదు, కొట్టువాడు సరుకు లేదన్నట్టు. "పుడ్డింగు పట్టుకుపో. నాకు తీపి పడదు."

తీపి ఆవిడకు ప్రాణం. నాకు తెలుసు.

ప్రయాణం ముందు రోజు ఎవెలియో వచ్చాడు. లోపలికి రమ్మనలేదు. అతను గడప బయట, ఆవిడ లోపల నిలబడి మాట్లాడుకున్నారు. నేను మా గుమ్మంలో నైలాకు అన్నం పెడుతున్నాను, కదిలి పోలేకపోయాను.

"ఒడీ, వాళ్ళు మొహమాటం లేకుండా రాశారు. ఇద్దరు ముసలాళ్ళను ఎవరు చూస్తారు, ఒకరైనా వయసులో ఉన్నవాళ్ళు కావాలన్నారు. నేను కాదంటే ఇద్దరికీ లేకుండా పోయేది. మళ్ళీ ఏడాది నిన్ను…"

"వెళ్ళాలనుందని చెబితే నేనే నీ చొక్కా ఇస్త్రీ చేసిచ్చేదాన్నిరా."

"చెప్పలేకపోయాను."

"అది నాకు అర్థమవుతుంది. పిరికివాడివి, ముప్పై ఏళ్ళుగా చూస్తున్నాను. తీగలు తీసుకున్నావు, టిక్కెట్టు తీసుకున్నావు, సరే. నా వేళ్ళను ఎందుకు చంపావురా? నువ్వు తిరిగొచ్చాక కూడా నేను ఈ ఊళ్ళోనే కదా వాయించుకోవాలి?"

అతను ఏదో అనబోయాడు. ఆవిడ తలుపు వేసింది. అతను నైలా వైపు చూసి చెయ్యి ఊపబోయి, మానేసి, మెట్లు దిగిపోయాడు.

తర్వాతి ఆదివారం అత్త ఒక్కతే గిటారు పట్టుకుని బయల్దేరింది. నీలం గౌను వేసుకుంది. నేనూ పిల్లను ఎత్తుకుని వెంట నడిచాను. పెరట్లో అడుగు పెట్టగానే అందరూ జాలిగా పక్కకు జరిగారు. ఎవరో కుర్చీ లాగారు, ఎవరో గిటారు అందుకోబోయారు. ఏళ్ళ తరబడి మొదటి వరసలో కూర్చునే ముసలాయన దోన్ ప్లాసిదో చిన్న సీసా ఒకటి తెచ్చాడు.

"కర్పూరం నానబెట్టిన రమ్ము అమ్మా. రాత్రి పూట కీళ్ళకు పట్టించుకో. మా ఆవిడకు బాగా పనిచేసింది."

"ముందు కూర్చోండి దోన్ ప్లాసిదో" అంది అత్త.

మరలు వదులు చేసి తీగలన్నీ కిందికి దించుకుంది. ఎవెలియో పాడే ఎత్తులో మొదటి గొంతు పాడడానికి ఆవిడ గొంతు చాలదు మరి. వదులైన పాత తీగలు చెక్కకు తగిలి గరగరమన్నాయి. ఆవిడ లెక్క చెయ్యలేదు. అందరికీ తెలిసిన పాటే ఎత్తుకుంది. వెనక బెంచీలోంచి ఎవరో ఆడమనిషి సాయం చేద్దామని రెండో గొంతు అందుకోబోయింది.

అత్త వాయించడం ఆపింది. "వద్దు తల్లీ. ఆ చోటు నాది. ఖాళీగానే ఉండనీ."

మళ్ళీ మొదటి నుంచి ఎత్తుకుంది. మొదటి గొంతు తానే పాడింది, మొదటి గిటారు తానే వాయించింది. పాట మధ్యలో వేళ్ళు పరుగెత్తినప్పుడు పెరడంతా ముందుకు వంగింది. జాలి చూపులు ఒక్కొక్కటే మారడం నేను చూశాను. సిగ్గు, ఆ తర్వాత ఎవరి మీదో తెలియని కోపం. దోన్ ప్లాసిదో సీసాను నెమ్మదిగా జేబులోకి తోసుకోబోయాడు.

పాట అయ్యాక అత్త అది చూసింది.

"జాగ్రత్తగా ఉంచండి దోన్ ప్లాసిదో. ఎవెలియో వచ్చాక కావలసి వస్తుంది. ఇన్నేళ్ళూ నా మీద ఆనుకుని నడిచినవాడు, ఇక ఒక్కడే నడవాలంటే కాళ్ళు నొప్పి పెడతాయి."

ఎవరూ నవ్వలేదు. ఆవిడ కూడా నవ్వలేదు. తీగలు ఒకసారి సరిచూసుకుని రెండో పాట ఎత్తుకుంది.