డిష్ భజన

మా బావకు పక్షవాతం వచ్చి ఎడమ చెయ్యి పడిపోయింది. వల్లూరు భజనలో ఇరవై ఏళ్లుగా మద్దెల ఆయనది, హార్మోనియం నాది. పాటకూ పాటకూ మధ్య ఒకరినొకరు తిట్టుకోకపోతే ఇద్దరికీ గొంతు లేవదు. అలాంటి మనిషిని మా అక్క బెంగళూరులో కూతురింట్లో పెట్టుకొని, రోజూ ఆసుపత్రికి తీసుకుపోయి చేతికి కసరత్తు చేయించేది. దాంతోపాటు మద్దెల కూడా వాయిస్తే వేళ్లకు మంచిదని డాక్టరు అన్నాడట. ఒక్కణ్నే వాయించనని బావ మొండికేశాడు. చెయ్యి తిరిగొస్తుందా రాదా అన్న దిగులు తప్ప ఆ ఇంట్లో ఇంకో మాట లేదు.

నేనేమో శనక్కాయ చేను సోలారుకు లీజుకిచ్చి, ఆ ప్లాంటులోనే సెక్యూరిటీకి చేరినవాణ్ని. అక్కడ ఫోను సిగ్నలు దేవుడి దయ. ఆఫీసు మిద్దె మీద మాత్రం శాటిలైటు ఇంటర్నెట్టు డిష్ ఉంది. బావతో వీడియో కాల్లో కలిసి వాయించుకోవడానికి ఆదివారం పొద్దున ఒక గంట వాడుకోమని ఇంజినీరు ఒప్పుకున్నాడు. హార్మోనియం బండికి కట్టుకొని పోయాను.

మొదటి వారమే నవ్వులపాలయ్యాం. నేను పల్లవి ఎత్తుకుంటే బావ దెబ్బ ఆలస్యంగా వినబడేది. ఆయన కోసం నేను ఆగేవాణ్ని. నేను ఆగానని ఆయన ఆగేవాడు. అట్లా సాగి సాగి, బురదలో దిగబడిన ఎద్దులబండిలా పాట నిలిచిపోయింది. తన చెయ్యే వెనకబడుతోందని బావ ముఖం చిన్నబుచ్చుకున్నాడు.

"నీ చెయ్యి కాదు బావా, ఇదంతా డిష్‌ది. పాట ఆకాశానికి పోయి దిగొస్తాండాది. యాడ లేటు అనిపించినా దాందే అనుకో," అన్నాను.

ఇంజినీరు ఒక ఉపాయం చెప్పాడు. నేను బావను వినకూడదు. వాళ్ల శబ్దం తీసేసి నా పాటికి నేను వాయించుకుంటూ పోతే, అక్కడ ఆయనకు నాతో కలిసి వాయించినట్టే ఉంటుందట. అట్లాగే చేశాను. బావకు మాత్రం చెప్పలేదు. స్క్రీన్ మీద ఆయన తల ఊపుతుంటే నాకు ప్రాణం లేచొచ్చేది. పాట అయ్యాక శబ్దం పెడితే ఎప్పుడూ ఒకటే అడిగేవాడు, ఎడమ చెయ్యి ఎట్లా పడుతోందని. బ్రహ్మాండం బావా అనేవాణ్ని. ఆశపడి చూస్తున్న ఆ ముఖానికి ఇంకేం చెప్పను? నాలుగు నెలలు ఇదే వరస.

ఒకరోజు అక్కకు ఫోను చేసి, ఎండలో డ్యూటీ చెయ్యలేక చస్తున్నానని గోడు వెళ్లబోసుకున్నాను. రోలు పోయి మద్దెలతో మొరపెట్టుకున్నట్టయింది. బావ కసరత్తుకు పోవడం మానేసి రెండు నెలలు దాటిందట.

"నువ్వు బాగుండాదంటివి కదప్పా. చెయ్యి వచ్చేసినాక ఇంకెందుకంటాడు. నేను చెప్తే వినడు," అంది అక్క.

నా బుద్ధి గడ్డి తింది. అప్పుడైనా నిజం చెప్పి ఉండాల్సింది. ఎదురుగా ముఖం చూస్తూ చెబుదామని ఆదివారం దాకా ఆగాను. ఆదివారం రాకముందే, శనివారం భజనలో వాయించి తీరాలని బావ ఊరికి వచ్చేశాడు.

జనం ఇంకా చేరలేదు. బావ నన్ను ఎదురుగా కూర్చోమన్నాడు. నేను ఎత్తుకున్నాను. కుడి చెయ్యి సరిగ్గా పడింది. ఎడమది ఎప్పటికో వచ్చి తోలుకు తగిలింది. తొందరపడుతున్నావని నన్ను కసిరాడు. నిదానించాను. అందలేదు. ఇంకా నిదానించాను. పాట కన్నా ముందు నా గుండె నిలిచిపోతుందనిపించింది. బావ ఆపేసి, కుడి చేత్తో ఎడమ చేతిని ఎత్తి ఒళ్లో పెట్టుకున్నాడు. తిట్టలేదు. తిట్టి ఉంటే బతికిపోయేవాణ్ని.

"నాలుగు నెల్లు ఏం వింటివిరా నువ్వు?" అన్నాడు.

ఏమీ వినలేదని ఇప్పటికీ ఆయనకు చెప్పలేదు.