చప్పుడు లేని నురగ కోసం కోదాడ మీదుగా

నా రాత వంకరటింకరగా ఉంటుంది, ఒత్తులు తప్పుతాయి. ఊరి బడిలో చదివినంతే నా చదువు. మన్నించి చదవండి. సూర్యాపేట నుంచి కోదాడ మీదుగా మిర్యాలగూడ పోయేవారికి పనికొస్తుందని రాస్తున్నాను.

మా అన్న పక్షవాతంతో మిర్యాలగూడలో కూతురింట్లో మంచాన ఉన్నాడు. కుడి చెయ్యి లేవదు. రెండు నెలల గడ్డం. మనవరాలు పుట్టి నెలయినా ఒళ్లోకి తీసుకోలేదు, గుచ్చుకుంటుందట. మంగలిని పిలిపిస్తే మొహం తిప్పుకున్నాడు. కోదాడ రైసుమిల్లులో పనిచేసినన్నాళ్లూ అక్కడి మంగలి లింగయ్య చేతనే గీయించుకున్నాడు, ఇంకొకరి చెయ్యి పడనివ్వడు. లింగయ్యను వెంటబెట్టుకు పోదామని బయలుదేరాను.

పొద్దున ఆరింటి బస్సెక్కి ఏడున్నరకు కోదాడలో దిగాను. టికెట్టు రెండు రూపాయల లోపే. లింగయ్య దుకాణం అరుగు మీద కూర్చుని ఉన్నాడు. రెండు కళ్లకూ పొరలు కమ్మాయి.

“నేనొచ్చి ఏం చేస్తానయ్యా, మీ అన్న చెవి కోస్తాను. నువ్వే గియ్యి,” అన్నాడు.

“నాకు నురగ కలపనీకె గూడ రాదు.”

“అయితే కూర్చో.”

బ్రష్షును వేడినీళ్లలో నానబెట్టించి, పిండించి, సబ్బు మీద తిప్పించాడు. నురగ గిన్నెలో పొంగింది. అయిందనుకున్నాను.

“చెవి దగ్గర పెట్టుకో. ఏమంటుంది?”

“చిటచిట అంటున్నది.”

“అది ఉత్త గాలి. రెండు చుక్కల నీళ్లేసి తిప్పు. అది నోరు మూసుకునేదాకా తిప్పు.”

తరువాత నా ఎడమ దవడ కింద వేలు పెట్టాడు. “మీ అన్నకి ఇక్కడ పులిపిరి ఉంటుంది. పైనుంచి కిందికే గియ్యాలి.” దారం చుట్టిన తన బ్రష్షు నా చేతికిచ్చాడు. పక్క దుకాణంలో రేజరు, బ్లేడ్లు కొన్నాను.

పదింటి బస్సు హుజూర్‌నగర్‌లో టీ తాగేంతసేపు ఆగుతుంది. అక్కడి నుంచి రోడ్డుకు రెండు వైపులా సాగర్ కాలువ కింద నాట్లు. పన్నెండున్నరకు మిర్యాలగూడ. స్టాండు నుంచి ఇంటికి పది నిమిషాల నడక.

“లింగయ్య ఏడి సిన్నాయినా?” అంది అన్న కూతురు. బ్రష్షు చూపించాను. అన్న గోడవైపు తిరిగాడు. మంచం పక్కన కూర్చుని నురగ కలపసాగాను. గిన్నె చప్పుడుకు మెల్లగా ఇటు తిరిగి దారం చుట్టిన పిడిని చూశాడు. గడ్డం కొంచెం ఎత్తాడు.

ఒప్పుకున్నాడన్న కంగారులో నీళ్లు ఎక్కువ పోశాను. పూస్తే నురగ మెడ మీదుగా దిండు మీదికి కారింది.

“గడ్డం గీస్తున్నవా రా, తానం పోస్తున్నవా?” అన్నాడు. మాట ముద్దగా వచ్చినా అందరికీ అర్థమైంది. కూతురు కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది.

పారబోసి మళ్లీ కలిపాను. చుక్క చుక్కగా నీళ్లు వేసి, చెవి దగ్గర పెట్టుకుని విన్నాను. చప్పుడు లేదు. పులిపిరి దగ్గర పైనుంచి కిందికి గీశాను.

“లింగయ్య చెప్పిండా?”

“చెప్పిండు.”

కళ్లు మూసుకున్నాడు. మొహం తుడిచాక, “పిల్లను తే,” అన్నాడు కూతురితో. పాప చెంపకు తన చెంప ఆనించాడు. పాప ఏడవలేదు.

మా ఇంట్లో ముట్టుకోవడాలు తక్కువ, మాటలూ తక్కువే. అరవై ఏళ్లు దాటాక అన్న మొహం నా చేతుల్లోకి రావడం ఇదే మొదటిసారి. వచ్చేటప్పుడు, “మల్ల ఐతారం రా,” అన్నాడు.

పోయేవారికి ఒక్కమాట: కోదాడలో పదింటి బస్సు తప్పితే ఒంటిగంట దాకా ఇంకోటి లేదు. గీయబోయేవారు నీళ్లు చెంబుతో పోయకండి, వేళ్లతో చిలకరించండి. మెడ కింద వెంట్రుకలు ఎటు గీస్తే మంట పుట్టదో నాకింకా తెలియదు. తెలిసినవారు తొందరగా జవాబు రాయండి, ఆదివారంలోపు అందేటట్టు.