చేను గాలి, సడక్ గాలి

మొన్న ఖేడ్‌లో మా మేనకోడలు కట్టుకున్న కొత్తింటికి పోతే, గేటు పక్కన ఒక పాత ట్రాక్టర్ వెనక టైరును పడుకోబెట్టి, పచ్చరంగు పూసి, నడుమ మట్టి పోసి బంతిచెట్లు పెట్టారు. వచ్చినవాళ్లంతా పూలను మెచ్చుకుంటుంటే నేను మాత్రం గొంతుక్కూర్చుని ఆ టైరు అంచులు తడమడం మొదలుపెట్టాను. రెండు అంచుల రబ్బరు గట్లు నున్నగా అరిగిపోయాయి, నడుమ గట్లు మాత్రం కొత్తవాటిలాగా నిలబడి ఉన్నాయి. గాలి తక్కువ పెట్టి సడక్ మీద తిప్పిండ్రు దీన్ని, పాపం, అన్నాను. మేనకోడలు నా దిక్కు చూసి, "మామా, టైరు యాడికి పోదు గని చాయ్ సల్లగయితుంది, తాగు" అంది. చాయ్ తాగాను గానీ మనసు మాత్రం మా పాత ఇంటి దిక్కు మళ్లింది.

మన ఈడువాళ్లకు చెప్పే పని లేదు, అయినా చెప్పకపోతే నా నోరు ఊరుకోదు. వెనక టైరులో గాలి గట్టిగా ఉంటే నల్లరేగట్లో అది నడుమ పట్టె మీదే నిలబడి, ఉన్నచోటనే గిర్రున తిరిగి దిగబడుతుంది. గాలి కొంచెం తీస్తే వెడల్పుగా పరుచుకొని అరచేయిలాగా నేలను పట్టుకుంటుంది. అదే మెత్తని టైరును సడక్ ఎక్కిస్తే బరువంతా రెండు అంచుల మీద పడి అంచులు అరుగుతాయి. పోనీ అని మరీ బిగుతుగా కొట్టిస్తే పొట్ట ఉబ్బి నడుమ అరుగుతుంది. అందుకే మా ఇంట్లో గాలి రెండు రకాలు: చేను గాలి, సడక్ గాలి.

చేను మా బాపుది, సడక్ మా చిన్నాయనది, ట్రాక్టర్ ఇద్దరిదీ. బాపు దున్నేవాడు, చిన్నాయన ట్రాలీ తగిలించి కంగ్టి నుంచి కందులు, పత్తి మోసేవాడు, ఎవరికి ఒళ్లు బాగా లేకపోతే వాళ్ల జాగాలో నేను ఎక్కేవాణ్ని. బాపు కందిపుల్లతో వాల్వు నొక్కి గాలి తీసేవాడు, చిన్నాయన సడకెక్కే మలుపులోని పంచర్ దుకాణంలో మళ్లీ కొట్టించేవాడు. ఒకసారి చిన్నాయన ఎంత బిగుతుగా కొట్టించాడంటే, ట్రాలీ ఎగిరెగిరి పడి, కల్హేర్ సంతకు పంపిన పెరుగు కుండ అక్కడ దించేసరికి పైన వెన్న తేలి ఉంది, కొన్నామె వెన్నకు వేరే పైసలు ఇయ్యనని కొట్లాడింది. నమ్మకపోతే మానండి, కుండ మాత్రం నిజం.

ఇంట్లో ఒక కట్టు ఉండేది. పొద్దుమూకంగ తాళంచెవి ఒకరి చేతి నుంచి ఒకరి చేతికి పోయేటప్పుడు, లోపల ఏ గాలి ఉందో నోటితో చెప్పి ఇయ్యాలె. చేను గాలుంది తమ్మీ, అని బాపు అనేవాడు. సడక్ గాలుందే అన్నా, అని చిన్నాయన అనేవాడు. ఆ మాట వెనక వాన కబురో, దూడ కబురో, కంగ్టిలో కలిసిన చుట్టం కబురో వచ్చేది, అట్లా ఇద్దరూ అరుగు మీద కూర్చుంటే బువ్వకు పిలిచి పిలిచి మా అమ్మ గొంతు పోయేది.

ఒక ఏడు కింది చేనులో పత్తి వేయాలని బాపు, పెసర వేయాలని చిన్నాయన పట్టుబట్టి, మాటా మాటా పెరిగి, ఇద్దరూ మాట్లాడుకోవడం మానేశారు. తాళంచెవిని గోడ మొలకు తగిలించి పోవడం అప్పుడే మొదలైంది. ఎవరూ గాలి చెప్పరు, ఎవరూ అడగరు. మెత్తని టైర్ల మీద చిన్నాయన కంగ్టి దాకా పోయివచ్చేవాడు, గట్టి టైర్ల మీద బాపు దుక్కి దున్నేవాడు. నడుమ నేను కబురు మోయబోతే, "నిన్నడిగిన్నారా? వాణ్నే వచ్చి చెప్పమను" అని బాపు, "నీ పని నువ్వు జూస్కో, పెద్ద వకీలు బయలెల్లిండు" అని చిన్నాయన. ఆ ఏడు మా టైర్లు అంచులూ అరిగాయి, నడుమా అరిగింది. పంచర్ దుకాణపాయన చేయి పెట్టి చూసి, "ఏందిర గిది, ఒక్క టైరుకు ఇద్దరు మొగుళ్లు ఉన్నట్టుంది" అన్నాడు. బోరంచ జాతర కాంగనే పెద్దమనుషులను పిలిచి వేరు పడదామని అన్నదమ్ములిద్దరూ ఎవరికి వారే అనేసుకున్నారు. ఒక్క పొయ్యి మీద వండుకునే అమ్మా చిన్నమ్మా ఆ మాట విన్నప్పటి నుంచి రొట్టెల పిండి ఎప్పటికంటే గట్టిగా పిసికేవాళ్లు. ఆ పొయ్యి రెండు కావడం నేను తలుచుకోలేకపోయేవాణ్ని.

జాతరనాడు ఇంటిల్లిపాదీ ట్రాలీ ఎక్కాం. చిన్నాయన నడుపుతుంటే, బాపు ట్రాలీ చివర వెనక్కి తిరిగి కూర్చున్నాడు, తమ్ముని వీపు కూడా కనబడొద్దని. తుంపర పడుతోంది. బోరంచ ఇంకా కొంచెం దూరముందనగా దిగుడులో చిన్నాయన బిరేకు తొక్కితే, పట్టుకునేందుకు గట్లేవీ మిగలని ఆ మెత్తని టైర్లు తడి సడక్ మీద జర్రున జారి, ట్రాక్టర్ అడ్డం తిరిగి, ట్రాలీ చక్రం సడక్ పక్క మోరీ కాలువలో పడింది. దేవుని దయ, ఎవరికీ ఏం కాలేదు, బోనం కుండ కూడా అమ్మ ఒళ్లోనే ఉంది. 

చిన్నమ్మ అందరికంటే ముందు దిగింది. ఆమెది కర్ణాటక దిక్కు పుట్టిల్లు, కోపమొస్తే కన్నడం వచ్చేది. పైగా బావ ముందర నోరెత్తే అలవాటు లేదు. అందుకని పోయి ట్రాక్టర్ వెనక టైరు ముందర నిలబడి, "నాచ్కి ఇల్లేన్ నిమ్గ?" అని, సిగ్గులేదా మీకు అని, ఆ టైరును చెడామడా తిట్టింది. టైరు ఒక్కటే, తిట్లు మాత్రం ఇద్దరికి సరిపడా ఉన్నాయి. అమ్మ ట్రాలీలోంచే, "ఇంకింత తిట్టు చెల్లె, దానికి చెవులు జర మందం" అంది.

అన్నదమ్ములిద్దరూ చెరో పక్క నుంచి వచ్చి ఆ టైరు దగ్గర కూర్చున్నారు. చిన్నాయన అంచు మీద చేయి పెట్టి, టైరుతో అన్నట్టు అన్నాడు.

"చేను గాలే ఉన్నట్టుంది గదనే, అన్నా."

"పొద్దుగాల నేనే తీసిన."

"నేనడగలే."

"నేను చెప్పలే గదరా."

అంతే. బాపు తువ్వాల తీసి తమ్ముని తల మీద వేశాడు, ఇద్దరూ భుజాలు ఆనించి ట్రాలీని మోరీలోంచి లేపారు. పెద్దమనుషులను ఎవరూ పిలవలేదు. ఆ ఏడు కింది చేనులో పత్తి వేశారో పెసర వేశారో నాకు నిజంగా యాది లేదు.

తర్వాత చానా ఏండ్లకు, పిల్లలు పెద్దయి ఇల్లు చాలక, నవ్వుకుంటూనే వేరు పడ్డాం. బాపు పోయాడు. చిన్నాయనకు ట్రాక్టర్ ఎక్కే మోకాళ్లు లేవు. ఇప్పుడు ఎవరి ఇంటి ముందర వాళ్ల ట్రాక్టర్ ఉంది, ఎవరి గాలి వాళ్లు మిషన్ పెట్టి చూసుకుంటారు, టైర్లు అంచులూ నడుమా ఒక్క తీరుగా అరుగుతాయి, ఏండ్లకేండ్లు వస్తాయి. నా బండికి చేను మీదా నేనే, సడక్ మీదా నేనే. లోపల ఏ గాలి ఉందో నాకు ఎప్పుడూ తెలిసే ఉంటుంది, అందుకే పొద్దుమూకితే ఎవరినీ పోయి అడిగే పని పడడం లేదు.