హత్సుయో నోట్లో మాట

అరవడమే షిమెనోకు బతుకుతెరువు. టోక్యోలోని ఆ సిగ్గుమాలిన సినిమా కంపెనీ ఖర్చు తగ్గుతుందని షూటింగప్పుడు మాటలు రికార్డు చేసేది కాదు. తెర మీద ఏ పిల్లను కట్టేసినా, పొడిచినా, ఆ తర్వాత చీకటి గదిలో మైకు ముందు నిలబడి షిమెనో అరిచేది. యాభై దాటిన మనిషి, బయట ఎవరి మీదా గొంతెత్తి ఎరగదు. చచ్చే పిల్లకు అరిచిన రోజున మాత్రం, చావింటి నుంచి వచ్చినవాళ్లలాగే గుమ్మం బయట ఒంటి మీద ఉప్పు చల్లుకుని గానీ లోపలికి వెళ్లేది కాదు. పోయినవాళ్లు వెంట రాకూడదని.

"సినిమా చావుక్కూడా ఉప్పేంటే, పిచ్చిమొహమా!" అని వాళ్లక్క వెక్కిరించేది.

డెబ్బై నాలుగు ఫిబ్రవరిలో ఆమె గొంతు కోసం వచ్చిన సినిమాలో చచ్చే పిల్ల హత్సుయో. నూతిలో కట్టేసి, మోటారుతో నీళ్లు వదిలే సీను. షూటింగైన వారానికే న్యుమోనియాతో ఆ పిల్ల నిజంగానే పోయింది. మోటారు హోరులో ఏమీ వినపడలేదు గానీ, భలే నటించిందని కంపెనీ అంతా మెచ్చుకుంది.

తెర మీద హత్సుయో నోరు తెరిచింది. అరవబోయిన షిమెనో ఆగిపోయింది. అవి అరిచే పెదవులు కావు.

"మళ్లీ వేయండి," అంది.

చచ్చిపోయిన పిల్ల మళ్లీ నీళ్లలోంచి తలెత్తి, సూటిగా ఆమెనే చూస్తూ అదే మాట చెప్పింది.

"ఏంటక్కా, గొంతు పట్టేసిందా?" అన్నాడు డైరెక్టర్ ఒనిజుకా.

ఇప్పుడు తాను అరిస్తే ఆ మాట శాశ్వతంగా అరుపైపోతుంది. దాన్ని విన్నవాళ్లు ఈ లోకంలో ఒక్కరూ ఉండరు. అందుకే ఈసారి తెర వెలగగానే, ఆ పెదవులు పలికిందే పలికింది.

"తాడు విప్పండి. నేను నటించడం లేదు."

"ఎవరు రాశారా మాట?" అన్నాడు ఒనిజుకా మెల్లగా.

"ఎవరూ రాయలేదండీ. మీ ఎదురుగానే అంది ఆ పిల్ల."

ఆయన తెర వైపు చాలాసేపు చూశాడు. షిమెనోకు ఆశ పుట్టింది.

"అద్దిరిపోయింది," అన్నాడు. "ఉంచేయండి. పోస్టరు మీద కూడా అదే వేద్దాం."

ఇంటికొచ్చి గుమ్మం ముందు నిలబడింది షిమెనో. వెనక నుంచి తడి చల్లదనం మెడకు తగులుతోంది. సంచిలోని ఉప్పు పొట్లం బయటికి తీయలేదు. తలుపు బార్లా తెరిచి, దారిచ్చి పక్కకు జరిగింది.

"రామ్మా, లోపలికి రా. కుంపటి రాజేస్తాను."