లాకు తలుపుల్లో కొబ్బరి చిప్ప

ఎనభైల్లో న్యూయార్క్ రాష్ట్రంలో మా అల్లుడి బాస్ తన పడవలో మమ్మల్ని కాలువ షికారుకు తీసుకెళ్ళాడు. గోదావరి కాలువల మీద పెరిగినవాణ్ణి, నీటిమట్టం మార్చి పడవల్ని దాటించే మొదటి లాకు రాగానే, మా ఊరి అలవాటు ప్రకారం కొట్టడానికి సంచిలోంచి కొబ్బరికాయ తీశాను.

“వద్దు మావయ్యగారూ, నా గ్రీన్‌కార్డ్ ఫైల్ చేయాల్సింది ఆయనే,” అన్నాడు అల్లుడు.

“దేవుడికీ వీసా కావాలా?” అని కసిరి, లాకు గోడకేసి కొట్టాను. ఒక చిప్ప ఎగిరి, మూసుకుంటున్న తలుపుల మధ్య ఇరుక్కుంది. వెనక పడవలన్నీ ఆగిపోయాయి. అల్లుడు అందరి ముందూ బోర్లా పడుకుని, గెడకర్రతో దాన్ని పైకి లాగాడు.

తర్వాతి లాకు దగ్గర బాస్ పడవ నెమ్మది చేసి, “ఇక్కడా పూజ ఉందా సార్? ఆపమంటారా?” అని అడిగాడు. సంచిలో రెండో కాయ ఉన్నా తల అడ్డంగా ఊపాను.

వెక్కిరించి ఉంటే తగాదా పడేవాణ్ణి. ఆ మర్యాద తలుచుకుంటే మాత్రం ఇప్పటికీ తల దించుకుంటాను.