నడి వేసవిలో హీటర్

అక్క కొన్న డీజిల్ కారు అంతకుముందు ఢిల్లీలో తిరిగిన బండి. అక్కడ పాతబడిన డీజిల్ బండ్లను రోడ్డెక్కనివ్వరట. అవి లారీల మీద మా వైపు వచ్చి అమ్ముడవుతుంటాయి. వరంగల్ కాశిబుగ్గలోని మా ఇంట్లో నేసిన జంపఖానాలను సేట్లకు అప్పగించకుండా తానే హైదరాబాద్ షాపులకు తీసుకెళ్లి అమ్మాలని అక్క పట్టుబట్టి డ్రైవింగ్ నేర్చుకుంది. పట్టుబట్టి ఆ కారు కూడా కొన్నది. బాపుకు అది నచ్చలేదు. "కార్లు నడిపేటోళ్లు వేరే ఉంటరు బిడ్డా" అనేవాడు.

ఆయన మనసు కొంచెం మెత్తబడింది చలికాలంలో. జీవితమంతా మగ్గం గుంటలో కాళ్లు పెట్టుకుని కూర్చున్న మనిషి. దూది పీల్చి పీల్చి ఆయాసం పట్టుకుంది. పొద్దున్నే మంచులో దవాఖానకు పోవాలంటే వణికేవాడు. ఈ కారులో మాత్రం స్టార్ట్ చేసిన కాసేపటికే కాళ్ల దగ్గర వెచ్చటి గాలి తగిలేది.

"ఇంజిన్ ఇంకా సల్లగనే ఉన్నది గదా, ఇంత జల్ది వేడి యాడికెళ్లి వస్తాంది?" అని ఒకనాడు అడిగాడు.

అక్కను అలాంటి ప్రశ్న అడగడమే ఆలస్యం.

"మామూలు హీటర్ అంటే ఏం లేదు బాపూ. ఇంజిన్ సుట్టు తిరిగి కాగిన నీళ్లు ఈ డ్యాష్‌బోర్డు ఎనుక ఓ చిన్న రేడియేటర్‌ల కెళ్లి పోతయి. దాని మీదికెళ్లి ఫ్యాన్ గాలి కొడ్తది. అంతే. గని డీజిల్ ఇంజిన్ పారేసే వేడి తక్కువ, అందుకే నీళ్లు జల్ది కాగయి. చలి జాగలల్ల అందాక ఆగలేరు గదా! అందుకని దాని పక్కనే కరెంటుతోని కాగేది ఇంకోటి పెట్టిన్రు. నీళ్లు కాగేదాక అది వేడి ఇస్తది. కాగినంక దానంతట అదే బంద్ అయితది."

"మరి కాలిపోతేనో?"

"కాలదు. అండ్ల పింగాణీ బిళ్లల లెక్కుంటయి. ఎంత వేడెక్కితే అంత తక్కువ కరెంటు గుంజుతయి."

మంచు కురిసే దేశాల్లో డీజిల్‌నే చిన్న పొయ్యిలో మండించి, ఇంజిన్ స్టార్ట్ చేయకముందే కారును వెచ్చబెట్టే హీటర్లు ఉంటాయని కూడా చెప్పింది. బాపు అంతా విని, "అంటే పొయ్యి పక్కన పెట్టుకోని తిరుగుతరన్నట్టు" అన్నాడు.

ఆ తర్వాత ఎండాకాలంలో నేను మేడ మెట్ల మీద జారి కాలు విరగ్గొట్టుకున్నాను. తొడ నుంచి వేళ్లదాకా పిండికట్టు వేశారు. హైదరాబాద్‌లో ఎముకల డాక్టర్‌కు చూపించాల్సిన రోజున, ఎలాగూ పోతున్నాం కదా అని అక్క జంపఖానాల కట్టలు కూడా ఎక్కించింది. వెనుక సీట్లో నేను కుడివైపు తలుపుకు వీపు ఆనించి, కాలు సీటు పొడుగునా చాపుకున్నాను. నా పాదం అవతల, ఎడమ తలుపు దాకా కట్టలే. బాపు ముందు కూర్చున్నాడు. బ్యాటరీ దిగిపోయి బండి స్టార్ట్ కాకపోతే, పక్కింటివాళ్ల కారు బ్యాటరీకి వైర్లు తగిలించి లేపింది. ఎందుకోగాని తరచూ అలా అవుతోంది. ఏసీ కూడా అంతగా చల్లబడటం లేదు. గ్యాస్ అయిపోయి ఉంటుందనుకున్నాం.

రఘునాథపల్లి దగ్గర రోడ్డు ఆగిపోయింది. అకాల వానకు తడిసిన వడ్లు కొనాలంటూ రైతులు హైవే మీద వడ్లు కుప్పలు పోసి కూర్చున్నారు. వెనక్కి తిరుగుదామనుకునేలోపే మా వెనుక బస్సు వచ్చి నిలబడింది. ఎడమవైపు ట్రాక్టర్. కుడివైపు పత్తి లారీ ఎంత దగ్గరగా వచ్చి ఆగిందంటే, నా వీపు వెనుక తలుపు జానెడు కూడా తెరుచుకోదు. కిటికీ నిండా లారీ చెక్కలే కనబడుతున్నాయి.

కొంతసేపటికి అక్క ముందుకు వంగి చూసింది. డ్యాష్‌బోర్డు మీద ఇంజిన్ వేడి చూపించే ముల్లు ఎర్రగీత వైపు లేస్తోంది.

"రేడియేటర్ ఫ్యాన్ తిరుగుతలేదు" అంది. "ఇందాకటిదాక బండి ఉరుకుడుల గాలి తగిలింది, ఎర్కకాలే."

"మరి బండి బంద్ జెయ్యి" అన్నాడు బాపు.

"బంద్ జేస్తే మళ్ల స్టార్ట్ గాదు. బ్యాటరీల జీవం లేదు. దీన్ని గీ నడుమకెళ్లి ఎట్ల తీస్తం? చెల్లెను ఎట్ల దించుతం?"

అంటూనే ఏసీ ఆపి, అద్దాలన్నీ దించేసి, హీటర్ నాబ్‌ను ఎర్రరంగు చివరిదాకా తిప్పి, గాలి పూర్తిగా పెట్టింది.

మొదటి గాలి ముఖానికి తగలగానే బాపు అదిరిపడ్డాడు. "పిచ్చి లేసిందా నీకు? ఈ ఎండల హీటరా!"

"ఆ చిన్న రేడియేటర్ ఉన్నది సూడు, ఇప్పుడు దానికెళ్లే ఇంజిన్ వేడి బయటికి గుంజుతాన. వేరే తొవ్వ లేదు. జర ఓపిక పట్టున్రి."

ఓపిక అనే మాట చిన్నది. బయట గాలే నిప్పులా ఉంది. లోపల గాలి దానికంటే ఘోరం. కిటికీలోంచి లారీ పొగ వస్తోంది. పిండికట్టులోకి చెమట దిగి, చర్మం మీద చీమలు పాకుతున్నట్టుంది. గోక్కోవడానికి లేదు, కాలు మడవడానికి లేదు, పక్కకు ఒరగడానికి లేదు. తల తిప్పితే చెక్కలు. ఇటు తిప్పితే కట్టలు. నూలు వాసన చిన్నప్పటి నుంచి నాకు ఇష్టం. ఆ రోజు అది గొంతులో ఉండలా అడ్డుపడింది. ముందు వాహనాలు బారెడు జరిగితే అక్క బారెడు జరిపేది. లారీ కూడా మాతోపాటే జరిగేది.

తర్వాత ఏమైందో తెలియదు, నా చెయ్యి తలుపు గుంజడం మొదలుపెట్టింది. తలుపు లారీకి తగిలి టక్కుమనడం, మళ్లీ గుంజడం. "నన్ను దించున్రి, నేను సస్తాన" అని అరుస్తున్నాను. ఆ గొంతు నాదే అని కూడా అనిపించలేదు.

అక్క వెనక్కి తిరగలేదు. "చెల్లే, ముల్లు ఆగింది. ఇంకా లేస్తలేదు. ఇంటానవా? ఆగింది" అంటోంది, నాకంటే తనకే చెప్పుకుంటున్నట్టు.

బాపు ఆయాసంతో ఎగశ్వాస తీస్తూనే, సీసాలో మిగిలిన నీళ్లు తాగకుండా కండువా మీద పోసి వెనక్కి అందించాడు. "మొఖానికి కప్పుకో బిడ్డా. కండ్లు మూసుకో." ఆ తర్వాత నన్ను ఆశ్చర్యపరిచే పని చేశాడు. అక్క భుజం మీద చెయ్యి వేసి, "నువ్వు కానియ్యి. నీకెట్ల తోస్తే అట్ల చెయ్యి" అన్నాడు. ఆమె బండి కొన్నాక ఆయన నోట అలాంటి మాట రావడం అదే మొదలు.

నా అరుపులు విని ట్రాక్టర్ సందులోంచి ఇద్దరు ఆడవాళ్లు వచ్చారు. ధర్నాలో కూర్చున్న రైతులే. పెద్దావిడ కిటికీలో చెయ్యి పెట్టి, వేడిగాలి తగలగానే వెనక్కి లాక్కుంది.

"అయ్యో, గిదేం కత! ఎండ సాల్తలేదా మీకు?"

అక్క గబగబా సంగతి చెప్పింది. ఆవిడ అంతా అర్థం చేసుకునేదాకా ఆగలేదు. కాలికున్న పిండికట్టు, బాపు ఆయాసం చూసింది, అంతే. వెనక్కి తిరిగి కేకేసింది. ఇంకో నలుగురు వచ్చారు. ట్రాక్టర్‌ను రోడ్డు కిందికి దింపించారు. ఎడమ తలుపు తెరిచి, కట్టలు ఒక్కొక్కటి బయటికి విసిరి, నన్ను చంకల కింద, నడుము కింద పట్టి, బిందె ఎత్తినట్టు ఎత్తి బయటికి తీశారు. ఒకావిడ బిందెడు నీళ్లు నా నెత్తిన గుమ్మరించింది. కట్టు తడుస్తుందని ఎవరికీ తట్టలేదు, నాకు కూడా. అప్పుడు పీల్చిన గాలి కూడా వడగాలే. కానీ అంత చల్లటి గాలి నేను ఎప్పుడూ పీల్చలేదు.

అక్క కారును ట్రాక్టర్ ఖాళీ చేసిన జాగాలోంచి మెల్లగా రోడ్డు దింపి, పంక్చర్ షాపు రేకుల కింద ఆపింది. హీటర్ అలాగే నడుస్తుండగా ముల్లు మధ్యకు దిగేదాకా కూర్చుని, అప్పుడు ఆపింది. దిగాక రెండు చేతులు ముఖానికి అడ్డం పెట్టుకుని చాలాసేపు అలాగే నిలబడింది.

మమ్మల్ని వాళ్ల టార్పాలిన్ నీడలోనే కూర్చోబెట్టారు. అప్పటిదాకా ఆ రోడ్డు ఆపినవాళ్లను మనసులో ఎన్ని తిట్లు తిట్టానో. పెద్దావిడ పిడికెడు వడ్లు తీసి నా అరచేతిలో పోసింది. తెల్లటి మొలకలు వచ్చి ఉన్నాయి. "కొనుగోలు సెంటర్‌ల కొంటలేరు, ఇంటికి తోలుకపోదామంటే ఎక్కడ ఆరబోస్తం? గిట్ల కూసున్నం" అంది. నాకు ఇంకో గ్లాసు నీళ్లు ఇచ్చింది.

సాయంత్రం అధికారులు వచ్చి మాట్లాడాక రోడ్డు తెరిచారు. రఘునాథపల్లి నుంచి వచ్చిన మెకానిక్ ఫ్యాన్‌కు పోయే వైరు కాలిందని మార్చాడు. బ్యాటరీ దిగే సంగతి చెబితే కాసేపు వెతికాడు. కరెంటు హీటర్‌ను ఆన్, ఆఫ్ చేసే రిలే ఎప్పుడో వేడికి అతుక్కుపోయిందట. అక్క తిప్పినా తిప్పకపోయినా ఆ హీటర్ కాగుతూనే ఉంది. బ్యాటరీని తాగింది, ఏసీని చల్లబడనివ్వలేదు. జామ్‌లో మా మీదికి వచ్చింది ఇంజిన్ వేడి ఒక్కటే కాదు, రెండు హీటర్ల వేడీ కలిసి. అక్క అది విని నవ్విందో ఏడ్చిందో తెలియదు. "నీళ్ల హీటర్ ఒక్కటే ఉన్నా సరిపోయేది గదన్నా" అంది. అవునన్నాడు. రిలే పీకేసి ఆమె చేతికిచ్చాడు.

హైదరాబాద్ పోలేదు. తడిసిన కట్టు కోసి, వరంగల్‌లోనే కొత్తది వేయించుకున్నాను. ఎముక బాగానే అతికింది. ఇప్పుడు మామూలుగా నడుస్తున్నాను. హన్మకొండ చౌరస్తాలో సిగ్నల్ దగ్గర మా కారు పక్కన లారీ వచ్చి ఆగితే మాత్రం నా చెయ్యి తలుపు పిడి మీదికి పోతుంది. అక్క అద్దంలో అది చూస్తుంది. ముందు బండికి, మాకూ మధ్య ఉన్న కాస్త ఖాళీలోకి కారును మెల్లగా జరుపుతుంది.